కంటి సాక్ష్యము చెల్లునా?

కర్నూలు జిల్లా పడమటి భాగమున, బళ్ళారి సీమకు పొరుగుననున్న ఎమ్మిగనూరు మగ్గములకు పేరుపడిన యూరు. 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని తాలూకాతోపాటు బళ్ళారి జిల్లానుండి విడివడి ఆంధ్రమున చేరిన యీ పట్టణమున, 1938లో మాచాని సోమప్పగారి పూనికచే వెలసిన చేనేత సహకార సంఘము ఇచ్చటి దుప్పట్లను, తువ్వాళ్ళను దూరప్రాంతములకు పరిచయము చేసినది. నూలు, రంగు, మగ్గము, కూలి, అమ్మకము అను ప్రత్యక్ష విషయములతో తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు మెలగు నేతగాండ్ర నడుమ నిలిచి, మనకు కనబడుచున్న యీ ప్రపంచము నిజముగా నున్నదా లేదా యని యడుగుట పనిలేని వేదాంతమని యెవరికైనను తోచవచ్చును. కాని ఆ ప్రశ్నను ప్రయోగమునకు లోబఱచిన విచారణలలో ముఖ్యమైన దొకటి తత్త్వవేత్తల గోష్ఠిలో గాక, నేతగాండ్ర ఫిర్యాదునుండియే పుట్టినదన్న సంగతి మఱవరాదు.

పారిస్ నగరమున గోబెలిన్స్ అను ప్రసిద్ధమైన రాచ నేతశాలలో రంగుల విభాగమునకు 1824లో అధిపతిగా వచ్చిన షెవ్రూల్ అను రసాయనవేత్తకు, అచ్చటి నల్లరంగు నాసిగా నున్నదనియు, నీలపు, ఊదా రంగుల వస్త్రములలో నీడల కొఱకు వాడిన నల్లనూలు వెలవెలబోవుచున్నదనియు ఫిర్యాదులు వచ్చినవి. ఆయన ఆ నూలును ఇతర శాలలలో అద్దిన నల్లనూలుతో సరిపోల్చి పరీక్షించి, అద్దకమున లోపమేమియు లేదనియు, ప్రక్కనున్న నీలమును ఊదాయును చూచువాని కంటిలో నలుపును మార్చివేయుచున్నవనియు కనుగొనెను. ఆ విచారణ ఫలమే 1839లో ఆయన ప్రకటించిన వర్ణవైరుధ్య గ్రంథము. ఒకే కండెనుండి తీసిన బూడిదవన్నె దారమును ఎఱ్ఱని పడుగులో నొకచోటను, ఆకుపచ్చని పడుగులో నొకచోటను పెట్టిచూచినచో, మొదటిది కొంచెము పచ్చగాను, రెండవది కొంచెము ఎఱ్ఱగాను భాసించుట మగ్గమున్న ప్రతి యింటను పరీక్షించి చూడదగినదే. దారము మాఱలేదు, అద్దకము మాఱలేదు, మాఱినది మనకు కనబడిన తీరు మాత్రమే. అట్లయినచో రంగు దారమునం దున్నదా, చూచువానియం దున్నదా?

భౌతికశాస్త్రము నడిగినచో, దారమునందు రంగనునది లేదనియే అది చెప్పును. దారముపై పడిన వెలుతురులోని కొన్ని తరంగములను అద్దకపు రసాయనము మ్రింగివేసి, కొన్నిటిని వెనుకకు పంపును. ఆ తరంగములకు పొడవు కలదుగాని వన్నె లేదు. మన కంటి తెఱయందు మూడు జాతుల శంకుకణము లున్నవి. స్థూలముగా చెప్పినచో వానిలో నొకటి 420 నానోమీటరుల ప్రాంతమునను, రెండవది 530 ప్రాంతమునను, మూడవది 560 ప్రాంతమునను గల తరంగములకు మిక్కిలిగా స్పందించును. ఈ మూడు స్పందనముల నిష్పత్తిని చూచి మెదడు రంగును నిర్ణయించుచున్నది. కనుకనే, అరచేతిలోని ఫోను తెఱమీద పసుపుపచ్చని బంతిపువ్వు కనబడునపుడు, అచ్చట పసుపు తరంగములను వెలువరించు దీపమేదియు లేకున్నను, సూక్ష్మమైన ఎఱ్ఱదీపములును పచ్చదీపములును కలిసి వెలుగుటవలననే, తోటలోని పూవును చూచినపుడు కలుగు స్పందనము కలుగుచున్నది. రెండు వేర్వేరు కారణములు ఒకే అనుభవమును పుట్టింపగలవు. అనుభవమును మాత్రమే పట్టుకొని కూర్చున్నవానికి ఆ రెంటిలో ఏది తన యెదుట నున్నదో తెలియు దారి లేదు. లోకముయొక్క సత్యత్వమును గూర్చిన సందేహమంతయు ఈ చిన్న పసుపుచుక్కలో ఇమిడియున్నది.

రంగుతో ఆగిపోవు వ్యవహారము కాదిది. కంటినుండి నరము మెదడునకు బయలుదేరు చోట వెలుతురును గ్రహించు కణములే లేవని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ పదునేడవ శతాబ్దిలోనే చూపెను; ఒక కన్ను మూసి చూచునపుడు, ఆకాశమున పది పూర్ణచంద్రులను వరుసగా పేర్చినను మ్రింగివేయునంత గ్రుడ్డితావు మన చూపులో నున్నను, ఆ చోట మనకు ఖాళీ కనబడదు; మెదడు ఇరుగుపొరుగు వన్నెతో దానిని పూడ్చివేయును. స్పష్టమైన చూపు, చేయి చాచి పట్టిన బొటనవ్రేలి గోరంత మేరకే పరిమితము. తక్కిన దంతయు మసకయే. అయినను కన్ను సెకనునకు మూడుమార్లు చొప్పున అటునిటు దూకుచు తెచ్చిన తునియలను కూర్చి, ఆద్యంతము స్పష్టమైన దృశ్యమే మన యెదుట నున్నట్లు మెదడు మనలను నమ్మించుచున్నది. నరములలో వార్త తక్షణమే చేరునని ఒకప్పుడు తలచెడివారు. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్పకాలి నరముమీద పరీక్షించి, ఆ వార్త సెకనునకు ముప్పది మీటరుల చేరువ వేగముతో మాత్రమే పోవుచున్నదని కొలిచెను. కాబట్టి మనము చూచుచున్నది ఎల్లప్పుడును కొంచెము గడచిపోయిన లోకమే. ఈ సామగ్రినంతయు పరికించిన హెల్మ్‌హోల్ట్జ్, చూపు అనునది ప్రతిబింబగ్రహణము కాదనియు, లభించిన కొలది ఆధారములనుబట్టి మనకు తెలియకయే మెదడు చేయు అనుమాన మనియు సిద్ధాంతీకరించెను. మన తార్కికులు ప్రత్యక్షమును, అనుమానమును వేర్వేరు ప్రమాణములుగా నెంచిరి. ఈ జర్మను శాస్త్రజ్ఞుని లెక్కలో ప్రత్యక్షముయొక్క గర్భముననే అనుమానము దాగియున్నది.

ఆ అనుమానమైనను పుట్టుకతో సిద్ధముగా లభించునది కాదు. పుట్టుగ్రుడ్డియై, గోళమును ఘనమును చేతితో తడవి గుర్తింప నేర్చినవానికి అకస్మాత్తుగా చూపు వచ్చినచో, ముట్టకుండ చూపుతోనే వానిని గుర్తింపగలడా యని ఐర్లండు దేశీయుడైన మాలిన్యూ 1688లో తత్త్వవేత్త లాక్‌కు వ్రాసెను. మూడు శతాబ్దులకు పైగా వాదమునకే మిగిలిన ఆ ప్రశ్నకు ప్రయోగమున ఉత్తరము లభించినది మన దేశముననే. శాస్త్రజ్ఞుడు పవన్ సిన్హా ‘ప్రకాశ్’ అను పేరుతో నడపిన కార్యక్రమమున, శస్త్రచికిత్సచే చూపు పొందిన యైదుగురు బాలబాలికలను పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, చూపు వచ్చిన తొలిదినములలో వారు చేతితో తెలిసికొన్న వస్తువును కంటితో గుర్తింపలేకపోయిరి. కాని కొలది దినములలోనే ఆ నేర్పు వారికి అలవడినది. కన్నును చేయియు ఒకదాని సాక్ష్యముతో నొకటి సరిచూచుకొని, రెండును ఒప్పుకొన్న దానికి ‘వస్తువు’ అని పేరుపెట్టుచున్నవన్నమాట. పడుగులో తెగిన పోగును నేతగాడు కన్నుకన్న ముందు వ్రేలితో పసిగట్టుటయు, పిదప కన్నుతో చూచి ముడివేయుటయు ఈ పొందికకు నిత్యోదాహరణమే.

ఇంతవఱకు చెప్పినదానివలన శంకాళువునకు బలము చేకూరినట్లే తోచును. మనకు తెలియునది మెదడు కూర్చిన చిత్రమే యైనపుడు, ఆ చిత్రమునకు వెనుక వస్తువు కలదనుటకు ఆధారమేమి? బౌద్ధాచార్యుడైన వసుబంధుడు తన వింశతికలో, స్వప్నమునందలి వస్తువులుకూడ ఒకానొక చోటను, ఒకానొక వేళను కనబడుచు ఫలము నిచ్చుచునే యున్నవిగదా యని వాదించెను. 1641లో డెకార్ట్, సర్వశక్తిగల వంచకుడొకడు తనకు సర్వమును మాయగా చూపుచున్నచో తెలిసికొనుట యెట్లని శంకించెను. 1981లో పుట్నమ్, తొట్టిలో నుంచి తీగలు తగిలించిన మెదడును కల్పించి ఈ శంకను పరీక్షకు పెట్టగా, 2003లో బాస్ట్రమ్, మనమందఱమును ఎవరో యొక మహాగణనయంత్రమున నడుపుచున్న కల్పితలోకమునందలి పాత్రలమై యుండవచ్చునని లెక్కగట్టెను. వేషములు మాఱినను శంక యొక్కటియే.

ఈ శంకను ఎమ్మిగనూరి చుట్టుపట్ల నేల చాలకాలముగా నెఱుగును. హంపీ విజయనగరమున రాజులచే పూజింపబడి, 1539లో దేహము చాలించి, ఆనెగొంది చెంత తుంగభద్ర నడుమనున్న నవబృందావనమున వెలసిన ద్వైతాచార్యులు వ్యాసతీర్థులు, జగత్తు మిథ్య యను వాదమును ‘న్యాయామృత’మున తునుమాడిరి, దానికి మధుసూదన సరస్వతి ‘అద్వైతసిద్ధి’తో ఉత్తరమిచ్చిరి. ఎమ్మిగనూరికి సమీపముననే, అదే తుంగభద్ర యొడ్డున, మంత్రాలయమున 1671లో బృందావనప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామి, జయతీర్థుల ‘న్యాయసుధ’కు ‘పరిమళ’మను వ్యాఖ్య రచించి ఆ ద్వైతపక్షమునకే దోహదము చేసిరి. మ్రొక్కుబడులతో మంత్రాలయమునకు పోవు వేలకొలది జనులలో, తాము దర్శించు స్వామివారు బాహ్యప్రపంచము సత్యమేయని తర్కముతో నిలబెట్టిన పండితపరంపరలోని వారని యెఱిగినవారు కొందఱే.

ఆ వాదములోని సారము ఇప్పటి శాస్త్రమునకును పనికివచ్చునది. చూడబడుచున్నది గనుకనే జగత్తు మిథ్య, శుక్తిలో తోచు రజతమువలె, అని అద్వైతుల అనుమానము. జగత్తు కుందేటికొమ్మువలె బొత్తిగా లేనిదని వారి తాత్పర్యము కాదు. పిమ్మట కలుగు జ్ఞానముచే బాధింపబడునది మిథ్య యని వారి మతము. దానికి ద్వైతులు: ఏ అనుమానమైనను ప్రత్యక్షమును ఆశ్రయించియే బ్రదుకుచున్నది, తాను కూర్చున్న కొమ్మను తానే నఱకుకొను అనుమానము నిలువదు, పైగా ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొన్నవాడు, చిప్ప నిజము గనుకనే తన పొరపాటును తెలిసికొనగలిగెను, పొరపాటు తెలియుటయే నిజమున్నదనుటకు గుర్తు. అద్వైతులు ఊరకుండలేదు: చంద్రబింబము కంటికి జానెడే కనబడును, గాని శాస్త్రము దానిని మహాగోళమని తేల్చినది, ప్రత్యక్షమును ఇతర ప్రమాణము దిద్దుట లేదా? దిద్దినమాట వాస్తవమే, చంద్రుని వ్యాసము 3,474 కిలోమీటరులు. కాని ఆ దిద్దుబాటు ఎట్లు జరిగినదో చూచినచో, కన్నులు మూసికొని చేసిన తర్కముచే గాక, వేఱుచోట, వేఱు పరికరముతో, వేఱు కన్నులు చూచిన చూపులను కూడగట్టుటచే జరిగినది. ఒక చూపును దిద్దినది మఱికొన్ని చూపులు కలిసియే.

ఈ యంశమునకు తెలుగుదేశముననే జరిగిన యొక మహోదాహరణము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ గుంటూరునకు వచ్చెను; మద్రాసు నక్షత్రశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణమున మకాము పెట్టెను. నల్లబడిన సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుతురును వర్ణదర్శినిలో విడదీయగా, ప్రకాశమానములైన రేఖలు కనబడినవి. వానిలోని పసుపురేఖ మన యుప్పులోనున్న సోడియముదేయని మొదట పలువురు తలచిరి. కంటికి రెండును పసుపే గదా. కాని అదే సంవత్సరము అక్టోబరులో, ఇంగ్లండున లాకియర్, గ్రహణము లేనిదినముననే ఆ జ్వాలలను పరీక్షించి, ఆ రేఖ సోడియము రేఖల తావున లేదని తేల్చెను. సోడియముది 589 నానోమీటరుల యొద్ద, దీనిది 587.6 యొద్ద. ఆ చిన్న యెడమును ఆధారముగా గొని, భూమిమీద నెవ్వరును ఎఱుగని మూలకమొకటి సూర్యునియం దున్నదని ఊహించి, దానికి హీలియమని పేరు పెట్టిరి. ఇరువదియేడేండ్లకు, 1895లో, రామ్సే యురేనియముతో కూడిన యొక ఖనిజమునుండి వెలువడిన వాయువును పరీక్షించగా అచ్చముగా ఆ రేఖయే కనబడినది.

ఇచ్చట జరిగినదేమో నిదానించి చూడవలెను. ఫోనుతెఱమీది పసుపునకును, తోటలోని పసుపునకును భేదమెఱుగని కన్నే, ఒక గాజుపట్టకము సాయముతో, రెండు పసుపుల నడుమ నానోమీటరున్నర యెడమును కనిపెట్టినది. ఆ యెడమును సృష్టించినది చూచువాని కోరిక కాదు. చూచినవారిలో పెక్కుమంది అది సోడియమే కావలెనని యెదురుచూచిరి. లోకము వారి యూహను త్రోసిపుచ్చినది. గుంటూరి ఆకాశమునకును, లండను ప్రయోగశాలలోని ఖనిజపు తునుకకును, చూచిన వ్యక్తులకును, వారి పరికరములకును ఒండొంటితో సంబంధము లేకున్నను అన్నియు నొకే యంకెను చెప్పినవి. ఈ యొప్పందము మెదడులు కూర్చిన కట్టుకథ యనుటకన్న, రెండుచోట్లను ఒకే వస్తువున్నదనుట తేలికయు, సహేతుకమును.

పరమాణువుల కథయు నిట్టిదే. పందొమ్మిదవ శతాబ్ది చివరను మాక్, ఓస్ట్వాల్డ్ వంటి పండితులు, కంటికందని పరమాణువు లెక్కలకు పనికివచ్చు కల్పనయేగాని వస్తువు కాదనిరి. ఫ్రాన్సున పెర్రిన్, నీటిలో తేలు రేణువుల ఎడతెగని కదలిక, ఆకాశపు నీలిమ, రేడియోధార్మికత మొదలైన పరస్పరసంబంధములేని మార్గములలో ఒకే సంఖ్యను, నిర్ణీత పరిమాణమున నెన్ని అణువులుండునో చెప్పు సంఖ్యను, లెక్కింపగా అన్నిటను 6 తరువాత 23 సున్నలుంచిన సంఖ్యకు దరిదాపుననే వచ్చినది. ఓస్ట్వాల్డ్ 1909 నాటికి తన యభిప్రాయమును మార్చుకొని పరమాణువు నంగీకరించెను. పెర్రిన్‌కు 1926లో నోబెల్ బహుమానము లభించినది. పరమాణువును కంటితో చూచినవాడు ఆనాడు ఒక్కడును లేడు. అయినను అది యున్నదనుటకు, కంటికి కనబడిన వెండికంటె దృఢమైన ఆధార మేర్పడినది.

ఇటీవల, క్వాంటమ్ శాస్త్రము లోకము లేదని నిరూపించినదను మాట ప్రచారమున నున్నది గనుక దానిని గూర్చియు నొకమాట చెప్పవలెను. 1964లో బెల్ కూర్చిన గణితమును ఆధారముగా గొని క్లౌజర్, ఆస్పె, జైలింగర్ చేసిన ప్రయోగములకు 2022లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఒకచోట జరిగినది దూరముననున్న దానిని తక్షణమే సోకదనియు, కొలువకముందే ప్రతి గుణమును నిశ్చితమైన విలువతో నుండుననియు రెంటిని కలిపి నమ్ముటకు వీలులేదని ఆ ప్రయోగములు తేల్చినవి. లోకస్వభావమును గూర్చి మన కున్న యొక సహజమైన యూహ తప్పని తెలిసినది. తెలిపినది ప్రయోగమే, అనగా లోకమే. లేని లోకము మన యూహను తప్పనజాలదు.

కాబట్టి, కలిపి యడుగుచున్న రెండు ప్రశ్నలను విడదీయవలసియున్నది. లోకము మనకు కనబడినట్లే యున్నదా యన్న ప్రశ్నకు శాస్త్రము నిస్సంకోచముగా లేదనుచున్నది: రంగు మన కూర్పు, స్పష్టత మన కూర్పు, వర్తమానమను క్షణము సైతము కొంతమేర మన కూర్పు. లోకమనునది మననుండి స్వతంత్రముగా నున్నదా యన్న రెండవ ప్రశ్నకు మాత్రము ఈ ‘లేదు’లన్నియు కలిసి ‘కలదు’ అనుచున్నవి. మన యూహలను కాదను శక్తి దేనికి లేదో అది మన కల్పన. మనము కోరనిది, యెదురుచూడనిది, ఒప్పుకొనుటకు ఇష్టపడనిది యెదురుగా నిలిచి మన లెక్కను దిద్దుచున్నపుడు, దిద్దుచున్నది మనము కాదు. భ్రాంతులను గూర్చి మన జ్ఞానము పెరిగినకొలదియు లోకమును గూర్చిన నమ్మకము సడలుటకు బదులు బిగువెక్కుచున్నది. ఏలయన ప్రతి భ్రాంతియు బయటపడినది, దానితో ఏకీభవింపని మఱియొక సాక్ష్యము లభించుటచేతనే.

ఇంతమాత్రముచే వసుబంధుని స్వప్నమును, డెకార్ట్ వంచకుని, బాస్ట్రమ్ గణనయంత్రమును ఖండించితిమని చెప్పరాదు. ఏ పరీక్షయందును, ఏ కాలమునను బయటపడని వంచన యొకటి గలదని పట్టుపట్టినవానిని ప్రయోగముచే ఓడించుట అసాధ్యము. కాని ఆ వంచన, పసుపురేఖను అదే తావున నిలిపి, అణువుల సంఖ్యను అదే యంకెకు కట్టి, నిప్పును కాల్చనిచ్చి, నీటిని తడుపనిచ్చి, సమస్త నియమములను పొల్లుపోకుండ పాటించుచున్నచో, మనము ‘లోకము’ అని పిలుచుచున్న దానికి అది మఱియొక వివరణమగునేగాని, లోకమును లేకుండ చేయదు. తెలిసికొనుట యనగా సందేహమునకు ఏమాత్రము చోటు మిగులని నిశ్చయమే యని పట్టుబట్టినచో, లోకము నిజమని మనకు తెలియదు. కాని ఆ కొలతకు నిలిచినచో తెలిసినదనదగినది దాదాపు మఱేదియు నుండదు. ఎన్నో చూపులను, ఎన్నో చేతులను, ఎన్నో పరికరములను ఒండొంటితో సరిచూచి, ఒకదాని తప్పు నొకటి దిద్దుకొనుచు వచ్చిన నమ్మకమే తెలివి యని యొప్పుకొన్నచో, లోకమున్నదన్న తెలివికన్న గట్టిగా పరీక్షింపబడిన తెలివి మనుష్యునివద్ద మఱియొకటి లేదు. నల్లనూలు చెడ్డదని ఫిర్యాదు వచ్చినపుడు, కంటిని గ్రుడ్డిగా నమ్మకయు, కన్ను వ్యర్థమని త్రోసివేయకయు, ఆ నూలును మఱియొక నూలుప్రక్కన పెట్టిచూచిన షెవ్రూల్ పద్ధతియే ఈ ప్రశ్నయందు మనకు శరణ్యము.